ఆవు పొట్టలో పోయిన సంచి

మా ఆవుకి డొక్కలో కిటికీ ఉంది. నవ్వొస్తే నవ్వుకోండి గానీ మాట మాత్రం నిజం. ఎడమ డొక్క మీద చెయ్యి పట్టేంత కన్నం, దానికి రబ్బరు చట్రం, చట్రానికి బిరడా. బిరడా లాగితే లోపలి నుంచి వెచ్చటి ఆవిరి, పులిసిన గడ్డి వాసన వస్తాయి. ఆవుకి నొప్పేమీ ఉండదు. మనం భుజం దాకా చెయ్యి పెట్టి దేవులాడుతున్నా అది నెమరు వేసుకుంటూ గోడకేసి చూస్తూ ఉంటుంది. అందరూ ఆ కన్నాన్నీ, ఆ ఆవునీ కూడా కిటికీ అనే పిలుస్తారు.

ఆ కిటికీ దేనికంటే, మా పని గడ్డితో. పశువులు తినే గడ్డి, ఫ్యాక్టరీలో పులియబెట్టి ఇంధనం తీసే గడ్డి. గడ్డికాడలో లిగ్నిన్ అని ఒకటి ఉంటుంది. కాడని నిలబెట్టేది అదే, ఆవుకి అరగనిదీ అదే, ఇంధనం తీద్దామంటే అడ్డం పడేదీ అదే. దాన్ని తగ్గించిన గడ్డి తయారు చెయ్యాలని మా పరిశోధన కేంద్రంలో పెద్ద చదువులవాళ్లు ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నారు. తగ్గించకపోతే అరగదు, మరీ తగ్గిస్తే గాలికి పొలమంతా చాప చుట్టేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇందులో నా వాటా చాలా చిన్నది. కాడని బ్లేడుతో ఉల్లిపొరంత పలచగా కోసి, మందు చుక్క వేసి, మైక్రోస్కోపులో చూడటం. లిగ్నిన్ ఉన్నచోట ఎర్రగా వస్తుంది. ఎంత ఎరుపో చెప్పేసి చేతులు కడుక్కుంటాను.

మా ఆయన పని ఆవు దగ్గర. ఎండబెట్టి పొడి చేసిన గడ్డిని అరచేతిలో పట్టే నైలాన్ సంచుల్లో పోసి, మూతికి దారంతో ముడి వేసి, తాడుకున్న రింగులకి కట్టి, కిటికీలోంచి పొట్టలోకి దించేవారు. రెండు రోజులాగి తాడు పైకి లాగి, సంచులు కడిగి, ఆరబెట్టి, ఎంత మిగిలిందో తూచేవారు. మిగిలిందంటే అరగలేదని అర్థం. "నువ్వు గడ్డికి రంగు వేస్తావు, నా ఆవు అసలు రంగు బయటపెడుతుంది" అనేవారు. ఎప్పుడైనా నా కోపం ఆయన మీద పడితే, "నీకు లిగ్నిన్ ఎక్కువే బాబూ, ఎవరికీ అరగవు" అనేవారు. "అరగకపోతే మింగడం మానెయ్యండి" అనేదాన్ని నేను. అదీ మా సరసం.

ఆయన వేసే ముళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆవు సంచులకే కాదు, ఇంట్లో ఉల్లిపాయల సంచికీ, పాత పేపర్ల కట్టకీ, నా భోజనం డబ్బా పెట్టుకునే గుడ్డ సంచికీ అదే ముడి. గోళ్లతో గీకినా, పళ్లతో లాగినా రాదు. విసుగొచ్చి కత్తెరతో టక్కున కోసేదాన్ని. ఆయన గుమ్మంలో నిలబడి నవ్వేవారు. "దానికో కిటుకుంది" అనేవారు. ఏమిటా కిటుకు అని అడిగితే ఆయన గెలిచినట్టు. అందుకని నేను అడగలేదు. అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు. ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు.

ఇక జరిగింది చెబుతాను. మెత్తగడ్డి అని ఒక రకం ఉండేది. లిగ్నిన్ బాగా తగ్గినది, అయినా గాలికి కాస్తో కూస్తో నిలిచేది. ఆయనకి దానిమీద ప్రాణం. దాని చివరి పరీక్షప్పుడు తాడు పైకి లాగితే ఒక సంచి లేదు. ఆ సాయంత్రం దాకా భుజం లోపలికి పెట్టి వెతికారు, దొరకలేదు. మర్నాడు మా కేంద్రం పెద్దసారు తూకాల గదిలో అందరి ముందూ అనేశారు. "సంచి నువ్వు పెట్టనే లేదు. పొడి ఒలకబోసుకుని ఉంటావు. పెట్టానని చెప్పి తప్పించుకుంటున్నావు." ఆయన ఒక్క మాటే అన్నారు, "పెట్టాను సార్" అని. పరీక్ష కొట్టేశారు. మెత్తగడ్డి మడిని దున్నేశారు. నెల తిరక్కుండా ఆయన పశువుల పాక ముందు, చేతిలో నీళ్ల గొట్టంతో, అలాగే కూలిపోయారు. గుండె. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే అంతా అయిపోయింది.

నేను ఏడవలేదు. రాలేదు మరి. గొప్పకి చెప్పడం లేదు. పంటి డాక్టరు సూది వేశాక పెదవి ఎలా ఉంటుంది? ఉందని తెలుస్తుంది, పట్టుకుంటే మాత్రం మనది కాదు. నా మటుకు నాకు మనిషంతా అలాగే ఉంది. లేస్తాను, వండుతాను, బస్సెక్కుతాను, కాడలు కోస్తాను, ఎరుపు ఎంతో చెబుతాను. పలకరింపుకి వచ్చినవాళ్లు నా మొహం చూసి నొచ్చుకుని, మా అత్తయ్యని పట్టుకుని ఏడ్చి వెళ్లిపోయారు.

అత్తయ్య మాతోనే ఉంటుంది. ఇప్పుడు నాతోనే అనాలి. ఒకప్పుడు పిండిమర నడిపిన మనిషి. భుజాలు ఇప్పటికీ మగాడి భుజాల్లా ఉంటాయి. మర హోరులో బతికింది కాబట్టి మాట పెద్దది. "కొయ్యబారిపోయావే అమ్మాయ్, ఒక్కసారి ఏడువు, పోతావ్ లేకపోతే" అని నన్ను మొదట్లో రోజూ తిట్టేది. తర్వాత మానేసింది. ఒక్కటి మాత్రం మానలేదు. సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అడిగేది.

"దొరికిందా?"

"లేదు అత్తయ్యా."

"వెతికారా?"

"ఎవరు వెతుకుతారు? ఎనిమిది నెలలైంది. ఎప్పుడో పేడలో పోయుంటుంది."

"పోదు. నా కొడుకు పెట్టానన్నాడంటే పెట్టినట్టే. వాణ్ణి చంపింది గుండె కాదే, ఆ మాట. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. అది విన్నాకే నేను కళ్లు మూస్తా."

"దొరికితే మాత్రం మనిషి లేచొస్తాడా" అని నోటిదాకా వచ్చేది. అనలేదు. అనే ఓపిక కూడా ఉండేది కాదు. ఆ సంచి దొరకాలన్న ఆశ నాకైతే లేదు. ఆమెకి మాత్రం ఇంకే ఆశా లేదు.

ఈలోగా కిటికీకి వయసైపోయింది. పరీక్షలకి పనికిరాదు, ఇక మేత మేస్తూ ఊరికే ఉండనిద్దాం, డొక్కలో కన్నం కుట్టేద్దాం అన్నారు. పశువుల డాక్టరమ్మ వచ్చింది. కుట్టేముందు పొట్ట మొత్తం ఖాళీ చేసి చూడాలంది. లోపల ఇనుప మేకో, రబ్బరు ముక్కో ఉండిపోతే తర్వాత తీయడానికి దారి ఉండదు కదా. ఇప్పుడు ఆవుని చూసుకునే అతన్ని మేం బొంగురు అంటాం, గొంతు అలా ఉంటుంది. మా ఆయనకి శిష్యుడు లాంటివాడు. అతను నా గదికి వచ్చాడు.

"వదినా, కాస్త రావాలి. నా చెయ్యి లావు, ముందున్న చిన్న పొట్టలోకి దూరడం లేదు. డాక్టరమ్మ చెయ్యి పొట్టి."

"నా చెయ్యి అద్దెకిస్తానని ఎవరు చెప్పారు?"

"రా వదినా, దీనికి వేరే మనిషి లేరు."

వెళ్లాను. అప్పటికే సగం పొట్ట తోడేశారు. పెద్ద పెద్ద తొట్టెల్లో ఆవిరి కక్కుతూ గడ్డి, పైన దుప్పట్లు కప్పారు. వేడి పోకూడదు. అందులో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి, చల్లబడితే చస్తాయి. చూడటం అయ్యాక మళ్లీ అంతా ఆవు పొట్టలోకే పొయ్యాలి. నేను భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి పెట్టాను.

"ముందుకి పోనివ్వండి. కిందికి ఒక గట్టు తగులుతుంది. అది దాటితే గోడ తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉంటుంది. బరువైనవన్నీ అక్కడికే జారతాయి" అంది డాక్టరమ్మ.

గట్టు తగిలింది. గళ్ల గోడ తగిలింది. ఆవు ఊపిరి తీసినప్పుడల్లా ఆ గోడ నా వేళ్ల మీదికి వచ్చి వెళ్తోంది. ఒక మేకు దొరికింది, తీసిచ్చాను. గులకరాయి దొరికింది. ఇంకా లోపల, ఒక మూలకి, గుడ్డలాంటిది తగిలింది. గళ్లలో ఇరుక్కుని ఉంది. మెల్లిగా ఊడదీసి బయటికి తెచ్చాను.

జిడ్డు పట్టి నల్లగా అయిపోయిన నైలాన్ సంచి. బొంగురు కుళాయి కింద పట్టి కడిగాడు. మూతికి దారం ముడి, ముడిలో విరిగిన ప్లాస్టిక్ రింగు ముక్క. అతను కుళాయి కట్టడం మర్చిపోయాడు.

"వదినా, ఇది అన్న ముడి."

"తెలుసు."

"అన్న పెట్టాడు వదినా. పెట్టాడు!"

"నీళ్లు పోతున్నాయి, కుళాయి కట్టు" అన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. చెయ్యి మాత్రం భుజం దాకా వెచ్చగా ఉంది. అది తెలుస్తోంది. తొట్టెల్లో గడ్డి చల్లబడుతోందని డాక్టరమ్మ కేకేస్తే, ముగ్గురం కలిసి అంతా తిరిగి పొట్టలోకి పోశాం. కిటికీ అంతసేపూ నెమరు వేస్తూనే ఉంది. దాని పొట్టలో ఎవరి పరువు నానిందో దానికేం పట్టింది.

సంచిని గాజుపళ్లెంలో పెట్టుకుని పెద్దసారు గదికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. చెడ్డమనిషి కాదు. నోటి దురుసు, అంతే. అన్నాక వెనక్కి తీసుకోవడం తెలియని మనిషి.

"దీని మీద నంబరు చెరిగిపోయింది కదమ్మా. అదే సంచి అని ఎలా అనుకుంటాం?"

"ఆ ఆవు పొట్టలో పోయిన సంచి ఒక్కటే సార్. రింగు చూడండి, ప్లాస్టిక్. ఇప్పుడు ఇనుప రింగులు వాడుతున్నాం. ముడి చూడండి. మిగతా అందరూ పట్టీలు బిగిస్తారు, దారం కట్టేది ఆయనొక్కరే."

ఆయన ముడిని గోటితో గీకి చూశారు.

"ముడి ఊడలేదు సార్. రింగు విరిగింది" అన్నాను.

పళ్లెం బల్ల మీద పెట్టి, "పొరపాటు పడ్డానమ్మా" అన్నారు.

"నాతో కాదు సార్. అందరి ముందూ అనాలి." ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అచ్చం మా అత్తయ్య గొంతులా వచ్చింది.

"అలాగే. అనేస్తాను. ముందు లోపలేం మిగిలిందో చూద్దాం" అంటూ బల్ల సొరుగులోంచి కత్తెర తీసి ఇచ్చారు.

కత్తెర నాకు కొత్తా? తీసుకుని, రెండు అంచుల మధ్యకి దారం దూర్చాను. అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయన పోయిన వారానికి ఉల్లిపాయలు అయిపోతే కొత్త సంచి తీశాను. ఆయన కట్టిపెట్టిందే. కూర తరిగే తొందరలో టక్కున కోసేసి, దారం చెత్తలో పడేశాను. అదే ఆఖరిది. పేపర్ల కట్ట అంతకు ముందే పాత సామాన్లవాడికి వేశాను. ఆయన వేసిన ముడి ఇంట్లో ఒక్కటీ లేదు. భూమ్మీద ఇదొక్కటే ఉంది. నా చెయ్యి ఆగిపోయింది. నొక్కుదామంటే వేళ్లు నొక్కడం లేదు.

"ఏమ్మా?"

"ఇది కొయ్యను సార్."

"మరెలా?"

"ఇంటికి తీసుకెళ్తాను."

"అది కుదరదని నీకూ తెలుసు కదా" అన్నారు మెల్లిగా. తెలుసు. మెత్తగడ్డి జన్యువులు మార్చిన గడ్డి. దాని పోచ కూడా గేటు దాటకూడదు. పని అయ్యాక ఆవిరి డబ్బాలో ఉడికించి కాల్చెయ్యాలి. సంచి అయినా, దారం అయినా అంతే.

"అయితే రేపు తెరుద్దాం సార్. మా అత్తయ్యని తీసుకొస్తాను. ఆమె ముందు తెరవాలి" అన్నాను. ఆయన కత్తెర సొరుగులో పెట్టేశారు.

సాయంత్రం చెప్పులు విప్పుతుంటే అత్తయ్య అడిగింది. "దొరికిందా?"

"దొరికింది."

ఆమె కుర్చీలోంచి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుంది. "ఎక్కడ?" అంది.

"ముందు పొట్టలో, గళ్లలో ఇరుక్కుని ఉంది. నేనే తీశాను."

"నువ్వే తీశావా" అంది. ఇంకేమీ అడగలేదు. అన్నం తిన్నాక తన మంచి చీర తీసి ఇస్త్రీ చెయ్యమని నాకిచ్చింది.

మర్నాడు తూకాల గదిలో అందరూ చేరారు. బొంగురు, డాక్టరమ్మ, పొలం పనివాళ్లు, పెద్ద చదువులవాళ్లు. అత్తయ్యకి కుర్చీ వేశారు, కూర్చోలేదు. పెద్దసారు గొంతు సవరించుకుని, చుట్టూ చూసి చెప్పారు. "ఆ రోజు ఇదే గదిలో ఆయన సంచి పెట్టలేదన్నాను. ఆయన పెట్టారు. రింగు విరిగి జారిపోయింది. తప్పు నాది. క్షమించండమ్మా."

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈ మాట వాడుండగా అనాల్సింది నాయనా" అంది. ఆయన తల దించుకున్నారు. ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అదే. విన్నాక ఆమె మొహంలో వెలుగేమీ రాలేదు, అలసట వచ్చింది. నాకు ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది గానీ పట్టుకోలేదు.

"ఏదీ, ఇలా తే" అంది. గాజుపళ్లెం ఆమె ముందు పెట్టాను. సంచి చేతిలోకి తీసుకుంది. నేను "జాగ్రత్త అత్తయ్యా, అది రాదు" అనేలోపే బొటనవేలితో దేన్నో పక్కకి తోసి, ఏదో లాగింది. ముడి లేదు. దారం దారంలా బల్ల మీద పడింది, రింగు ముక్క టకటకా దొర్లింది.

పెద్దసారు సంచి తిరగేసి పళ్లెంలోకి విదిల్చారు. అరచెంచాడు నల్లటి మట్టిలాంటిది పడింది.

"ఇంతేనా?" అంది అత్తయ్య.

"ఇంతే అత్తయ్యా. ఎనిమిది నెలలు ఉండిపోయింది. రెండు రోజుల్లో తీస్తేనే లెక్క. ఇప్పుడు దీన్నిబట్టి మెత్తగడ్డి మంచిదనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం."

"చెంచాడు మట్టి కోసమా నా బిడ్డని అంత మాటన్నారు?"

పెద్ద చదువులవాళ్లు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. నేను మాత్రం ఆ దారం వైపే చూస్తున్నాను.

"ఎలా విప్పారది?" అన్నాను.

"విప్పడానికేముందే? పొట్టి కొస లాగడమే. మరలో పిండి సంచులకి ఇదేగా కట్టేవాళ్లం. మోసేటప్పుడు ఊడకూడదు, ఇంటికెళ్లాక పసిపిల్లాడైనా విప్పాలి. వాడికి పలక పట్టకముందే నేర్పా. నీకు చెప్పలేదా?"

"లేదు."

"ఇన్నేళ్ల కాపరంలో చెప్పనే లేదా? మరి ఎలా విప్పేదానివి?"

"కోసేదాన్ని."

అత్తయ్య నా మొహంలోకి చూసింది. ఖాళీ సంచి మూతి కూడగట్టి, దారం చుట్టి, అదే ముడి వేసి నా చేతిలో పెట్టింది. "ఇదిగో, ఈ కొస. లాగు" అంది.

లాగాను. బలమేమీ పెట్టలేదు. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది.

అప్పుడు వచ్చింది కోపం. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. "ఒక్కసారి చెప్పి చావొచ్చుగా ఈ మనిషి!" అని అరిచేశాను. "నేను అడక్కపోతే మాత్రం చెప్పకూడదా? అన్నేళ్లు నేను కత్తెర పట్టుకుని కోస్తుంటే గుమ్మంలో నిలబడి నవ్వుతాడా? ఇంత సులువని ఒక్క మాట... ఒక్క మాట..." గొంతులోంచి ఏదో పశువు అరుపు లాంటిది వచ్చింది. అది నాదేనని తెలియడానికి కాసేపు పట్టింది. బల్ల, పళ్లెం, దారం, అన్నీ నీళ్లలో కలిసిపోయాయి.

అత్తయ్య ఊరుకోమనలేదు. నా చేతిలోంచి సంచి తీసుకుని మళ్లీ కట్టింది, మళ్లీ ఇచ్చింది. నేను లాగాను. మళ్లీ కట్టింది. తలుపు దగ్గర బొంగురు ఆవిరి డబ్బా మూత తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. సంచీ దారమూ అందులో వెయ్యాలి. అతను తొందరపెట్టలేదు.